పాప నలుగు స్నానం ఫొటోలకు క్లౌడ్ ఖాతా మూసేశారు. ఎవరికి చెప్పుకోవాలి?

తెనాలి_శ్రావణి (2025 నవంబరు 9)
అక్క పాపకు ఏడో నెల. అమ్మ పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి స్నానం చేయిస్తుంటే అక్క ఫోనులో ఫొటోలు తీసింది. అవి ఎప్పటిలాగే వాటంతట అవే క్లౌడ్‌లోకి ఎక్కాయి. అమెరికాలో ఉన్న ఆడపడుచుకు ఆల్బమ్ లింకు కూడా పంపింది. మర్నాడు ఖాతా మూసేశారు. తీవ్రమైన ఉల్లంఘన జరిగిందని, అది చట్టవిరుద్ధం కూడా కావచ్చని ఒక మెయిలు వచ్చింది. ఏ ఫొటో అన్నది లేదు, ఎందుకు అన్నది లేదు. అప్పీలు పెడితే నిర్ణయంలో మార్పు లేదని రెండు ముక్కల జవాబు.

పెళ్లి ఫొటోలు, నాన్న ఆసుపత్రి రిపోర్టులు, ఇంటి దస్తావేజుల స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. బ్యాంకుకు ఇచ్చిన మెయిలు కూడా అదే. అవి పోయిన బాధ ఒక ఎత్తు. తన బిడ్డ విషయంలో తననే అనుమానించారని అక్క అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయదలచుకోలేదు. దారి తెలిస్తే చెప్పండి. పోలీసులు ఇంటికి వస్తారా?

గుంటూరు_గోవిందు
ఆ ఫొటో లేని ఆల్బమ్ మన ఇళ్లలో ఉంటుందా? నాయనమ్మ ఒళ్లో నేను బోర్లా పడుకుని ఉన్నది ఇప్పటికీ మా ఇంటి హాల్లో గోడకు ఉంది. సంబంధం చూడటానికి వచ్చినవాళ్లకు కూడా మా అమ్మ అదే మొదట చూపించింది. అక్కను ధైర్యంగా ఉండమనండి.

సర్వర్_గది
ఈ సర్వీసులు రెండు రకాలుగా వెతుకుతాయి. ఆ తేడా తెలియకపోతే ఎవరిని ఏమని అడగాలో తెలియదు.

ఇదివరకే దొరికిన నేరపు చిత్రాలతో పోల్చి చూడటం మొదటి రకం. 2009లో మైక్రోసాఫ్ట్, డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ హనీ ఫరీద్ కలిసి ఫొటోడీఎన్‌ఏ అనే పద్ధతి తయారుచేశారు. ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి, ఒకే కొలతకు కుదించి, గళ్లుగా విడగొట్టి, ఏ గడిలో వెలుగు ఎలా మారుతోందో లెక్కగట్టి అంకెల వరుస ఒకటి తీస్తారు. దాన్నే హ్యాష్ అంటారు. మామూలు హ్యాష్ అయితే ఫైల్లో ఒక్క చుక్క మారినా మొత్తం మారిపోతుంది. ఇది అలా కాదు. కొలత మార్చినా, రంగు కాస్త మార్చినా, మళ్లీ సేవ్ చేసినా పట్టేస్తుంది. అమెరికాలో ఎన్‌సీఎంఈసీ (తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం), బ్రిటన్‌లో ఇంటర్నెట్ వాచ్ ఫౌండేషన్ లాంటి సంస్థలు, మనుషులు చూసి నిర్ధారించిన చిత్రాల హ్యాష్‌లను జాబితాలుగా ఉంచుతాయి. మీ అక్క మొన్న తీసిన ఫొటో ఏ జాబితాలోనూ ఉండదు.

ఇంతవరకు ఎవరూ చూడని ఫొటోను చూసి అదేమిటో ఊహించే కృత్రిమ మేధ రెండో రకం. గూగుల్ 2018లో అలాంటిదాన్ని ప్రకటించింది. మీ అక్కకు తగిలింది ఈ రకమే అయి ఉంటుంది. మొదటి రకాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. రెండోది అనుమానం వ్యక్తం చేయవచ్చు గానీ, తీర్పు దాని చేతిలో పెట్టకూడదు.

పాతబస్తీ_పాఠకుడు
అసలు మన ఇంటి బీరువాలోకి వాళ్లు తొంగిచూడటం ఏమిటి? ఫైలు పెట్టుకోవడానికి చోటు ఇచ్చారు, అంతవరకే వాళ్ల పని. ఈ రోజు పాప ఫొటో అన్నారు, రేపు రాజకీయ కరపత్రం అంటారు.

ఓరుగల్లు_మాధురి
పాఠకుడు గారూ, శ్రావణి గారి అక్కకు జరిగింది అన్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ బీరువాలో ఏముందో ఎవరూ చూడకూడదంటే నేను ఒప్పుకోలేను.

మా దగ్గరి బంధువుల అమ్మాయి వీడియోను, ఒకప్పుడు ఆమె నమ్మిన మనిషి ఒక ఫైల్ షేరింగ్ సైటులో పెట్టాడు. లింకును టెలిగ్రామ్ గ్రూపుల్లో తిప్పాడు. ఆ సైటులో అకౌంటు అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. పైగా ఎన్ని డౌన్‌లోడ్లు అయితే అంత లెక్కన పెట్టినవాడికి డబ్బులు ఇస్తారు. ఒక లింకు తీయించేసరికి అదే ఫైలు కొత్త పేరుతో మళ్లీ ప్రత్యక్షమయ్యేది. ఫిర్యాదుకు ఇచ్చిన మెయిలుకు రాస్తే తిరిగి వచ్చేసేది. ఆ పిల్ల కాలేజీ మానేసింది. ఆ సైటు వాళ్లు ఫైలును మొదటిసారి తీసేసినప్పుడే దాని హ్యాష్ ఉంచుకుని ఉంటే రెండోసారి పైకి ఎక్కేది కాదు. ఆ పాటి పని చేయనివాళ్లను గోప్యత పేరుతో వెనకేసుకు రావద్దు.

పాతబస్తీ_పాఠకుడు
మాధురి గారూ, ఆ అమ్మాయి బాధ ముందు నా వాదన చిన్నదే. అయినా ఒకటి అడుగుతాను. ఒకరు అందరికీ పంచిన లింకూ, ఒకరు తన కోసం దాచుకున్న ఫైలూ ఒకటేనా? పంచినదాన్ని వెతకమనండి, వద్దనను.

సర్వర్_గది
ఆ గీత కొందరు ఇప్పటికే గీశారు. 2014లో డ్రాప్‌బాక్స్ అనే క్లౌడ్ సర్వీసు మీద గొడవ అయింది గుర్తుందా? ఒకాయన పంచిన ఫైలుకు కాపీరైట్ కారణంగా లింకు ఆపేశారు. అప్పుడు వాళ్లు ఇచ్చిన వివరణ ఏమిటంటే, ఫైలు తెరిచి చూడలేదు, ఇంతకుముందు ఫిర్యాదు వచ్చిన ఫైలు హ్యాష్‌తో ఇది కలిసింది, అందుకే పంచుకోవడం ఆగింది అని. ఫైలు మాత్రం ఆయన ఫోల్డరులోనే ఉంది. కాపీరైట్‌కు ఆ పద్ధతి సరిపోతుంది. పిల్లల మీద జరిగిన నేరాల చిత్రాల విషయంలో "దాచుకున్నాడు, పంచలేదు" అనే గీత నిలబడదు.

కోర్టు_మెట్లు
మన దేశంలో చట్టం కూడా అదే అంటోంది. మద్రాసు హైకోర్టు 2024 జనవరిలో, అలాంటివి ఫోనులో ఉంచుకుని చూసినంత మాత్రాన నేరం కాదంది. సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న ఆ తీర్పును కొట్టేసింది. ఉంచుకోవడం కూడా పోక్సో చట్టం 15వ సెక్షన్ కింద నేరం కావచ్చని చెప్పింది.

శ్రావణి గారూ, ఇది చదివి మీ అక్కగారు కంగారు పడనక్కర్లేదు. పోక్సోలో ఈ రకం చిత్రానికి నిర్వచనం 2(1)(డీఏ)లో ఉంది. బిడ్డతో కూడిన లైంగిక చేష్టను చూపించేది అని అర్థం. అమ్మమ్మ స్నానం చేయించడం దాని కిందికి రాదు. పోలీసులు వస్తారా అంటే, ఒకవేళ ఫిర్యాదు ఇక్కడికి చేరితే విచారణకు ఫోను రావచ్చు. వస్తే భయపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఫోనులో ఉన్న ఆ ఫొటోలను ఇప్పుడు తీసేయవద్దు. తీసిన తేదీతో సహా అవే మీ సాక్ష్యం.

తెనాలి_శ్రావణి
ఫిర్యాదు ఇక్కడికి ఎలా చేరుతుంది? సంస్థ అమెరికాది కదా.

డల్లాస్_నుంచి
ఆ దారి ఇలా ఉంటుంది. అమెరికా చట్టం ప్రకారం, కంపెనీకి ఇలాంటి చిత్రం కంటపడితే ఎన్‌సీఎంఈసీ వాళ్లు ఫిర్యాదులు తీసుకునే సైబర్‌టిప్‌లైన్‌కు చెప్పి తీరాలి, చెప్పకపోతే భారీ జరిమానా. వెతకాలని మాత్రం ఆ చట్టం బలవంతపెట్టదు, అది కంపెనీ ఇష్టం. 2023లో ఆ టిప్‌లైన్‌కు వచ్చిన ఫిర్యాదులు 3.6 కోట్లకు పైనే. భారత్‌కు సంబంధించినవి ఇటు పంపడానికి 2019లో మన జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీతో ఒప్పందం కుదిరింది. అక్కడి నుంచి రాష్ట్రాల పోలీసులకు వెళతాయి.

మీ అక్క లాంటి కేసు ఇక్కడ చాలా చర్చకు వచ్చింది. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, డాక్టరు అడిగితే కొడుకు వాపు ఫొటో తీశాడు. గూగుల్ ఖాతా మూసేసింది. పోలీసులు విచారించి ఆయన తప్పేమీ లేదని తేల్చారు. అయినా ఖాతా తిరిగి ఇవ్వలేదు. 2022లో న్యూయార్క్ టైమ్స్ రాసేవరకు బయటి ప్రపంచానికి తెలియదు. నన్ను కలవరపెట్టింది ఈ చివరి భాగమే. యంత్రం పొరబడటం అర్థం చేసుకోగలను. పోలీసులే నిర్దోషి అని కాగితం ఇచ్చాక కూడా తలుపు తెరవకపోవడం ఏ న్యాయం?

కోర్టు_మెట్లు
గుజరాత్‌లోనూ అచ్చంగా ఇలాంటిదే ఉంది. రెండేళ్ల వయసులో నాయనమ్మ స్నానం చేయిస్తున్న తన సొంత ఫొటోను ఒక ఇంజినీరు గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకున్నారు. ఖాతా ఆగిపోయింది. ఆయన హైకోర్టుకు వెళితే 2024 మార్చిలో గూగుల్‌కు నోటీసు ఇచ్చారు.

గుంటూరు_గోవిందు
తన చిన్నప్పటి ఫొటోకు తనే దోషి అయ్యాడా! దీనికంటే ఘోరం ఉందా?

నైట్‌షిఫ్టు
ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇది నా పని కాబట్టి రాస్తున్నాను. గచ్చిబౌలిలో ఒక కాంట్రాక్టు సంస్థలో కొన్నేళ్లు కంటెంట్ రివ్యూ చేశాను. యంత్రం అనుమానించిన ఫొటోలు, వీడియోలు వరుసగా తెర మీదికి వస్తాయి. చూడలేకపోతే మసకగా, నలుపు తెలుపులో పెట్టుకునే వీలుంది, శబ్దం ఆపుకోవచ్చు. ఒక్కోదానికి దొరికేది కొన్ని క్షణాలే. ఏ కోడ్ కిందికి వస్తుందో నొక్కి ముందుకు వెళ్లాలి. తర్వాత మన నిర్ణయాలను ఇంకొకరు సరిచూస్తారు, దాని మీదే మార్కులు.

బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. పెద్దవాళ్ల విషయంలో పొరబడితే ఒక మార్కు పోతుంది. పిల్లల విషయంలో నిజమైన కేసును వదిలేస్తే మాత్రం అది క్షమించరాని తప్పు. నేను కూడా దాన్ని అలాగే చూశాను. నేను పైకి పంపిన ఒక వీడియో వల్ల ఎక్కడో ఒక బిడ్డ బయటపడి ఉండవచ్చు అన్న నమ్మకంతోనే ఆ కుర్చీలో కూర్చోగలిగాను. అందుకే అనుమానం ఉన్న ప్రతిదీ పైకే పంపేవాళ్లం. పంపడం తప్పు కాదు. పైన కూర్చున్నవాళ్లు తీరిగ్గా చూడాలి, అక్కడే గొలుసు తెగుతోంది.

మా టీములో మన వాళ్లకు నలుగు స్నానం ఫొటో వస్తే వెంటనే తెలిసేది. బకెట్టు, పీట, పెద్దామె చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని కాళ్లు చాపి కూర్చోవడం, పాప ఒంటి నిండా పిండి. ఇవేవీ తెలియని దేశంలో కూర్చున్న మనిషికి అక్కడ కనిపించేది బట్టలు లేని బిడ్డ, ఆ బిడ్డ మీద ఒకరి చేతులు. ఆ మనిషి చెడ్డవాడు కాదు. ఎప్పుడూ చూడనిదాన్ని చూస్తున్నాడు, అంతే.

ఓరుగల్లు_మాధురి
నైట్‌షిఫ్టు గారూ, మీరు చేసిన పనికి నమస్కారం. మీలాంటివాళ్లు ఎంత చూసి ఉంటారో ఊహించలేను.

రాజు_ఫొటోస్
స్టూడియో నడిపేవాడిగా ఒక మాట. రీలు రోజుల్లో జనం ఫొటోలన్నీ మా కళ్ల ముందే కడిగేవాళ్లం. స్నానం చేయిస్తున్న పాపా తెలుసు, నిజంగా తేడాగా ఉన్నదీ తెలుసు, తెచ్చిన మనిషి ఏ వీధివాడో కూడా తెలుసు. పోక్సో 20వ సెక్షన్‌లో స్టూడియోల పేరు కూడా ఉంది. అలాంటిది కంటపడితే పోలీసులకు చెప్పి తీరాలి. అంటే చూడటం, చెప్పడం కొత్త కాదు. చూసేవాడికి ఊరు తెలియకపోవడమే కొత్త.

నా అవస్థ వేరు. పెళ్లివాళ్లకు హైలైట్స్ వీడియో లింకు పంపితే అందులో సినిమా పాట ఉందని ఆగిపోతుంది. ముహూర్తం వీడియో కోసం ఎదురుచూస్తున్న పెళ్లికూతురి తండ్రికి కాపీరైట్ సంగతి ఏమని చెప్పను?

కోర్టు_మెట్లు
రాజు గారూ, మీరు లైసెన్సు ఉన్న సంగీతం వాడటమే శాశ్వతమైన మందు. ఎవరైనా పొరబాటున మీ సొంత వీడియోను ఆపించారనుకోండి, 2013 కాపీరైట్ నియమాల్లో 75వది చూడండి. ఫిర్యాదు అందిన 36 గంటల్లో సర్వీసు దాన్ని ఆపాలి. 21 రోజుల్లోగా ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి తెరవవచ్చు. ఎదుటివాడు కోర్టుకు వెళ్లి నిరూపించుకోవాలి అన్న గడువు ఉండటం నాకు నచ్చుతుంది. శ్రావణి గారి కేసులో లేనిది సరిగ్గా అలాంటి గడువే.

గుంటూరు_గోవిందు
ఇంత తలనొప్పి ఎందుకు? మెగా అనే క్లౌడ్ సర్వీసు లాంటి చోట పెడితే వాళ్లు కూడా తెరిచి చూడలేరట కదా. తాళం చెవి మన దగ్గరే ఉంటుందట.

సర్వర్_గది
నిజమే, గోవిందు గారూ, కానీ ఆ కథ మొత్తం తెలుసుకోవాలి. మెగాకు ముందు మెగాఅప్‌లోడ్ ఉండేది. బాగా డౌన్‌లోడ్ అయ్యే ఫైళ్లు పెట్టినవాళ్లకు బహుమానాలు ఇచ్చేది. 2012 జనవరి 19న అమెరికా దాన్ని మూయించింది, దాన్ని పెట్టిన కిమ్ డాట్‌కామ్‌ను న్యూజిలాండ్‌లో అరెస్టు చేశారు. దొంగ సినిమాలతో పాటు, సొంత వీడియోలు దాచుకున్న నిజాయితీపరుల ఫైళ్లు కూడా ఆ సర్వర్లలో చిక్కుకుపోయాయి. ఒహాయోలో స్కూలు ఆటల వీడియోలు తీసుకునే ఒకాయన తన ఫైళ్ల కోసం కోర్టు చుట్టూ తిరిగాడు. ఆ దెబ్బకు ఫైల్‌సోనిక్ లాంటి సైట్లు రాత్రికి రాత్రి పంచుకునే సౌకర్యమే తీసేశాయి.

సరిగ్గా ఏడాదికి మెగా వచ్చింది, ఈసారి అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి. వాళ్లు ఫైలు లోపల చూడలేరు. అయితే పంచిన లింకులో తాళం చెవి కూడా ఉంటుంది. ఎవరైనా ఆ లింకుతో ఫిర్యాదు చేస్తే తెరిచి చూసి ఖాతా మూసేస్తారు. అంటే ఫిర్యాదు వచ్చేదాకా తెలియదు. మాధురి గారి బంధువుల అమ్మాయి లాంటివాళ్లకు ఆలస్యం అయ్యేది అక్కడే.

పాతబస్తీ_పాఠకుడు
ప్రభుత్వం చేతికి ఇస్తే ఇంకా మొరటుగా ఉంటుందని కూడా రాయండి. 2020 మేలో రెండు లింకుల కోసం మొదలై, పెద్ద ఫైళ్లు పంపుకునే వీట్రాన్స్‌ఫర్ సైటు మొత్తాన్నే మన దేశంలో ఆపారు. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పనిచేస్తున్నవాళ్లు దిక్కులు చూశారు. 2012లో ఒక తమిళ సినిమా, ఒక తెలుగు సినిమా పైరసీ మీద మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు చూపించి విమియో, డైలీమోషన్ అనే వీడియో సైట్లను కూడా మూశారు. తర్వాత హైకోర్టే కలగజేసుకుని, దొంగ కాపీ ఉన్న లింకును ఆపాలి గానీ సైటును కాదంది. 2017లో మళ్లీ సినిమాల కేసులోనే ఇంటర్నెట్ ఆర్కైవ్ మూతపడింది. అందులో పాత తెలుగు పుస్తకాలు చదువుకునే నాలాంటివాళ్లు ఏం పాపం చేశారు?

డల్లాస్_నుంచి
ఈ విషయంలో పాఠకుడు గారితో ఏకీభవిస్తాను. అలాగని చిన్న సైట్లను వాటి మానాన వదిలేస్తే అవే కుప్పకూలుతాయి. పేరు చెప్పకుండా ఫైళ్లు పెట్టుకోనిచ్చిన అనాన్‌ఫైల్స్ 2023 ఆగస్టులో మూసేస్తూ, దుర్వినియోగాన్ని తట్టుకోలేక అలసిపోయామని వాళ్లే రాశారు. ఎవరు పెట్టారో అడగం అన్న మాటతో మొదలైన చోటికి ఎవరు ముందుగా వస్తారో చెప్పనక్కర్లేదు. బ్రిటన్‌లో ఆన్‌లైన్ భద్రతను చూసే నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2025 మార్చిలో ఫైల్ షేరింగ్ సైట్ల మీదే ప్రత్యేకంగా విచారణ మొదలుపెట్టింది. కొన్ని హ్యాష్ పోలిక పెట్టుకున్నాయి. కొన్ని బ్రిటన్ వాళ్లకు తలుపులు మూసుకున్నాయి.

ఓరుగల్లు_మాధురి
బ్రిటన్‌కు మూసుకుంటే ఆ ఫైళ్లు ఓరుగల్లులో తెరుచుకుంటూనే ఉంటాయి కదా. ఆ సైట్లను మన దేశం కూడా అలా నిలదీయాలి.

మన దగ్గర ఎవరూ కదలలేదని కాదు. హైదరాబాద్ ప్రజ్వల సంస్థ సునీతా కృష్ణన్ గారు 2015లో, వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచారం వీడియోల గురించి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. కోర్టు దాన్నే కేసుగా తీసుకుంది. ఇప్పుడు మనం వాడుతున్న జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ 2018లో మొదలవడానికి ఆ కేసే ప్రధాన కారణం. పేరు చెప్పకుండా ఫిర్యాదు ఇచ్చే వీలు అందులో ఉంది. మా బంధువుల అమ్మాయి విషయంలో మొదట పనిచేసింది అదే. మన ఊరి మనిషి చేసిన పని ఇది, మన పిల్లలకు తెలియాలి.

కోర్టు_మెట్లు
దానికి తోడు 2021 ఐటీ నియమాల్లో 3(2)(బీ) గుర్తుంచుకోండి. నగ్నత్వం, మార్ఫింగ్ చేసిన బొమ్మలు వంటి వాటి మీద బాధితురాలు గానీ ఆమె తరఫున ఇంకొకరు గానీ ఫిర్యాదు చేస్తే నియమం చెప్పిన గంటల గడువులోగా తీసేయాలి. కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. తీయకపోతే వేరేవాళ్లు పెట్టినదానికి సైటు బాధ్యురాలు కాదంటూ ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ పోతుంది.

సర్వర్_గది
అనుమతి లేకుండా తిప్పే అంతరంగిక చిత్రాలను ఆపడానికి స్టాప్‌ఎన్‌సీఐఐ అని 2021 డిసెంబరులో మొదలైంది, అది కూడా చూడండి. వీడియోను ఎవరికీ పంపనక్కర్లేదు. బాధితురాలి ఫోనులోనే హ్యాష్ తయారై, అది మాత్రమే అందులో చేరిన కంపెనీలకు వెళుతుంది. 18 ఏళ్లలోపు వాళ్లకు ఎన్‌సీఎంఈసీ నడిపే టేక్ ఇట్ డౌన్ ఉంది. చిక్కేమిటంటే చేరినవి ఎక్కువగా పెద్ద కంపెనీలే. డౌన్‌లోడ్‌కు డబ్బులిచ్చే సైట్లు ఎందుకు చేరతాయి? వాటికి డబ్బు చేరే దారిని, ప్రకటనలను, సర్వర్లు అద్దెకిచ్చేవాళ్లను పట్టుకోవాలి.

తెనాలి_శ్రావణి
అందరికీ చాలా కృతజ్ఞతలు. అక్కకు మొత్తం చదివి వినిపించాను. నైట్‌షిఫ్టు గారు రాసింది రెండుసార్లు చదివించుకుంది. మాధురి గారి బంధువుల అమ్మాయి సంగతి విన్నాక, వెతకడం మానేయమని తను కూడా అనడం లేదు. తన మాట వినే మనిషి ఒకరు ఉంటే చాలంటోంది. ఇప్పుడు మేము మొదట ఏం చేయాలి?

కోర్టు_మెట్లు
భారత్‌లో పనిచేసే ప్రతి సర్వీసూ ఫిర్యాదుల అధికారి పేరు, చిరునామా ప్రకటించాలి. మీరు ఇంతకుముందు పెట్టిన అప్పీలు ఫారం వేరు, ఇది వేరు. ఆ అధికారికి రాతపూర్వకంగా పంపండి. 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, నియమాల్లో ఉన్న గడువులోగా తేల్చాలి. తృప్తి కలగకపోతే 30 రోజుల్లోగా గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లండి. 2023 నుంచి ఉంది, అంతా ఆన్‌లైనే. తీసేసిన సమాచారాన్ని విచారణ కోసం 180 రోజులు భద్రపరచాలని 2021 నియమాల్లో ఉంది కాబట్టి ఫైళ్లు పోయాయని ఇప్పుడే నిరాశపడవద్దు, ఆలస్యమూ చేయవద్దు. ఆసుపత్రి రిపోర్టులు, దస్తావేజుల కాపీలు విడిగా ఇవ్వమని అదే లేఖలో అడగండి. బ్యాంకులో మెయిలు ఈ రోజే మార్పించండి.

నైట్‌షిఫ్టు
ఒకటి ముఖ్యం. నిరూపించుకోవాలని ఆ ఫొటోలను ఫిర్యాదుకు జత చేయవద్దు. కొత్త మెయిలు నుంచి పంపితే ఆ ఖాతా కూడా అదే యంత్రం కింద పడుతుంది. మాటల్లో రాయండి. ఎవరు ఎవరికి స్నానం చేయిస్తున్నారు, ఏ చోట, ఏ తేదీన, ఫొటో తీసింది ఎవరు, మన దగ్గర పసిపిల్లలకు నలుగు ఎందుకు పెడతారు, అంతా ఇంగ్లీషులో ఒక పేరాలో ఉండాలి. చదివే మనిషికి అంతకంటే సమయం దొరకదు. పిల్లల డాక్టరు గారితో ఒక ఉత్తరం రాయించి జత చేయగలిగితే ఇంకా మంచిది.

తెనాలి_శ్రావణి
ఆ పేరా రాసి ఇక్కడ పెడతాను, నైట్‌షిఫ్టు గారూ, మీరు ఒకసారి దిద్ది పెట్టండి.

నైట్‌షిఫ్టు
పెట్టండి. ఈ రాత్రికే చూస్తాను.